స్కాట్లాండ్‌లో చదరపు అడుగు కొంటే అడవికి ఎంత చేరుతుంది? కొనేముందు తేల్చుకోవడం ఎలా

పుట్టినరోజు కానుకగా స్కాట్లాండ్‌లో చదరపు అడుగు నేల, పేరు ముందు లార్డ్ అనో లేడీ అనో పెట్టుకోవడానికి ఒక అందమైన పత్రం, కట్టిన డబ్బుతో వన్యప్రాణుల సంరక్షణ. ఈ ప్రకటనలు చూసి పాఠకులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు మూడు. భూమి నా పేరున వస్తుందా? ఇండియా నుంచి కొనొచ్చా? డబ్బు నిజంగా అడవికి పోతుందా? మొదటిదానికి జవాబు: రాదు. రెండోదానికి: కొనొచ్చు. మూడోది అమ్మేవాళ్లను బట్టి ఉంటుంది. దాన్ని ఇంట్లో కూర్చునే గంటన్నరలో తేల్చుకోవచ్చు. ఈ వ్యాసమంతా దాని కోసమే.

చట్టం సంగతి, క్లుప్తంగా

స్కాట్లాండ్‌లో భూమికి యజమాని కావాలంటే రిజిస్టర్‌లో పేరెక్కాలి. డబ్బు కట్టి కాగితం పుచ్చుకున్నంత మాత్రాన యాజమాన్యం రాదు. 2012 నాటి భూ రిజిస్ట్రేషన్ చట్టం (2014 డిసెంబర్ 8 నుంచి అమల్లో ఉంది) సావనీర్ ప్లాట్‌ను రిజిస్టర్ చేయడానికి వీల్లేదంటుంది. చెప్పుకోదగ్గ విస్తీర్ణం లేని, ఏ పనికీ అక్కరకు రాని ముక్క అనేది అందులోని నిర్వచనం. 1979 నాటి పాత చట్టంలోనూ ఈ అడ్డు ఉంది. కాబట్టి మీకు దక్కేది అమ్మిన సంస్థ మీద ఉండే ఒప్పంద హక్కు మాత్రమే. దాన్ని అక్కడ పర్సనల్ రైట్ అంటారు. రేపు ఆ సంస్థ కొండ మొత్తాన్ని ఇంకొకరికి అమ్మేసినా, దివాలా తీసినా, కొత్త యజమానికి మీ పత్రంతో పనిలేదు.

లార్డ్, లేడీ, లెయర్డ్ సంగతీ అంతే. స్కాట్లాండ్‌లో బిరుదులు, వంశచిహ్నాల వ్యవహారం చూసే లార్డ్ లయన్ కోర్టు దృష్టిలో లెయర్డ్ అనేది బిరుదే కాదు, ఊళ్లో పెద్ద భూస్వామిని పిలిచే మాట. సావనీర్ ప్లాట్ కొన్నవారికి అదీ వర్తించదు. భారత పౌరులు విదేశీ ప్రభుత్వాల నుంచి బిరుదులు తీసుకోకూడదని మన రాజ్యాంగం 18వ అధికరణంలో ఉంది కదా అని కొందరు భయపడుతుంటారు. ఇక్కడ ఏ ప్రభుత్వమూ ఏ బిరుదూ ఇవ్వడం లేదు. ధైర్యంగా గోడకు తగిలించుకోండి.

దీన్ని భూమి కొనుగోలుగా చూస్తే చివరికి చిరాకే మిగులుతుంది. జ్ఞాపిక ఇచ్చే చందాగా చూడండి. అప్పుడు తేల్చాల్సింది ఒక్కటే: నా 30 పౌండ్లలో నేల మీద పనికి పోయేది ఎంత?

దగ్గర పెట్టుకోవాల్సినవి

- అమ్మే సంస్థ చట్టబద్ధమైన పూర్తి పేరు. వెబ్‌సైట్ పేరు చాలదు. నిబంధనల పేజీ అడుగున ఉంటుంది.
- కంపెనీ నంబరు, చారిటీ నంబరు. రెండూ వేర్వేరు.
- భూమి ఉన్న చోటు: దగ్గరి ఊరు, కౌంటీ, వీలైతే భూమి టైటిల్ నంబరు.
- అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసిన కార్డు, స్కాట్లాండ్ భూ రికార్డు కోసం కొద్ది పౌండ్లు.
- కంప్యూటర్. ఫోన్‌లో మ్యాపులు, ఖాతాల పీడీఎఫ్‌లు చూడటం కష్టం.

1. ఎందుకు కొంటున్నారో ముందు తేల్చుకోండి

సరదా కానుకే అయితే 2, 7 అంచెలు చాలు. సంరక్షణే ముఖ్యమైతే అన్నీ చేయండి. పెట్టుబడి, వీసా, పౌరసత్వం, అక్కడ గుడారం వేసుకునే హక్కు వంటివి మనసులో ఉంటే ఇక్కడే ఆగండి, ఇందులో అవేమీ లేవు. ఇంకో మాట. 2003 నాటి భూ సంస్కరణల చట్టం ప్రకారం స్కాట్లాండ్ కొండల్లో బాధ్యతగా నడిచే హక్కు అందరికీ ఉంది. 'మీ నేల మీద మీరు నడవొచ్చు' అని ఎవరైనా ఊరిస్తే, కొనకపోయినా నడవొచ్చని గుర్తుంచుకోండి.

ప్లాట్లన్నీ సంరక్షణ కోసమే అనుకోకండి. ఐలా దీవిలోని లఫ్రోయిగ్ విస్కీ సంస్థ తన అభిమానులకు చదరపు అడుగు చొప్పున లీజుకిస్తుంది. అద్దెగా ఏటా వాళ్లకే ఒక గుక్కెడు విస్కీ పోస్తుంది. అది వ్యాపార ప్రచారం, అలాగని వాళ్లూ దాచరు. గ్లెన్‌కోకు దగ్గరలోని డ్యూరర్ వద్ద హైలాండ్ టైటిల్స్ అనే సంస్థ 2006 నుంచి అమ్ముతున్న ప్లాట్ల వెనుక జనం వెళ్లి చూసే రిజర్వ్ ఉంది. పేరుకు భూమి ఉండి, పని ఏమీ కనపడని అమ్మకందారులూ ఉన్నారు. ప్రకటనలు మాత్రం అన్నీ ఒకేలా ఉంటాయి.

2. హోమ్ పేజీ వదిలేసి నిబంధనల పేజీ తెరవండి

కంట్రోల్-ఎఫ్ నొక్కి ఇంగ్లిష్‌లో ఈ మాటలు వెతకండి: సావనీర్ ప్లాట్, పర్సనల్ రైట్, డెడికేటెడ్, లైసెన్స్, రీఫండ్, డొనేట్. మొదటి రెండు మాటలు కనిపిస్తే మంచిదే, సంస్థ నిజం రాసిందన్నమాట. హోమ్ పేజీలో 'భూమికి యజమాని కండి' అని, నిబంధనల్లో 'యాజమాన్యం బదిలీ కాదు' అని ఉంటే మిగతా మాటలనూ అదే అనుమానంతో చదవండి.

'లాభాల్లో కొంత భాగం సంరక్షణకు' అనే వాక్యాన్ని పట్టుకోండి. లాభాల్లో భాగం వేరు, అమ్మకాల్లో భాగం వేరు. ప్రకటనల ఖర్చు, యూట్యూబర్ల కమిషన్, జీతాలు అన్నీ పోయాక మిగిలేదే లాభం. అది సున్నా అయినా ఆ వాక్యం అబద్ధం కాదు.

3. భూమి ఎవరి పేరున ఉందో చూడండి

స్కాట్లాండ్ భూ రికార్డుల సేవ పేరు స్కాట్‌లిస్. అందులో మ్యాప్ మీద ఆ చోటుకు వెళ్లి, చిన్న రుసుము కట్టి టైటిల్ షీట్ తీసుకోవచ్చు. అందులో నాలుగు భాగాలుంటాయి. ఎ: ఆస్తి వివరాలు. బి: యజమాని. సి: అప్పులు, తనఖాలు. డి: ఆ భూమి మీదున్న షరతులు. మన ఈసీ చూసినట్టే సి భాగాన్ని శ్రద్ధగా చూడండి. 'స్టాండర్డ్ సెక్యూరిటీ' అని ఉంటే భూమి తనఖాలో ఉన్నట్టు. అమ్మకందారు అప్పు కట్టకపోతే 'శాశ్వత రిజర్వ్' వేలానికి పోవచ్చు.

బి భాగంలోని పేరు, మీకు అమ్ముతున్న సంస్థ పేరు ఒకటేనా? కాకపోతే ఇద్దరి మధ్య ఒప్పందం ఏమిటో అడగండి. కొన్ని పాత ఎస్టేట్లు ఇంకా సాసీన్ల రిజిస్టర్ అనే పాత పద్ధతి రికార్డులోనే ఉన్నాయి. అలాంటివి కొత్త మ్యాప్‌లో కనపడకపోవచ్చు, కనపడనంత మాత్రాన మోసమని తీర్పు చెప్పకండి. అమ్మకందారును రికార్డు వివరం అడగండి, నిజాయితీపరులు పంపిస్తారు.

4. సంస్థ ఎవరిది, ఖాతాలు ఏమంటున్నాయి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. స్కాట్లాండ్‌లో రిజిస్టరైన కంపెనీ నంబరూ, స్కాట్లాండ్ చారిటీ నంబరూ రెండూ 'ఎస్‌సీ' అక్షరాలతోనే మొదలవుతాయి, వెనక ఆరు అంకెలుంటాయి. వెబ్‌సైట్ అడుగున ఎస్‌సీ నంబరు చూసి 'చారిటీయే' అనుకుంటారు. తీరా చూస్తే అది మామూలు ప్రైవేట్ కంపెనీ. నంబరును రెండు చోట్లా వెతకండి: బ్రిటన్ కంపెనీల రిజిస్టర్ అయిన కంపెనీస్ హౌస్‌లో, స్కాటిష్ చారిటీ రెగ్యులేటర్ రిజిస్టర్‌లో. రెండూ ఉచితం.

కంపెనీ చానెల్ దీవుల్లోనో హాంకాంగ్‌లోనో ఉంటే ఖాతాలు బయటికి దొరకకపోవచ్చు. అప్పుడు కంపెనీస్ హౌస్‌లోని ఓవర్సీస్ ఎంటిటీల రిజిస్టర్ చూడండి. బ్రిటన్‌లో భూమి ఉన్న విదేశీ సంస్థల అసలు యజమానులెవరో చెప్పడానికి 2022 ఆగస్టులో మొదలుపెట్టిన రిజిస్టర్ అది. స్కాట్లాండ్ వరకు 2014 డిసెంబర్ 8 తర్వాత కొన్న భూములకే వర్తిస్తుంది.

'మా తరఫున ఒక చారిటీ ట్రస్ట్ ఉంది' అంటే ఆ ట్రస్ట్ వార్షిక ఖాతాలు తెరవండి. చూడాల్సిన అంకెలు రెండే: కంపెనీ నుంచి ఆ ఏడాది ట్రస్ట్‌కు వచ్చిన మొత్తం, ట్రస్ట్ నేల మీద పనికి పెట్టిన ఖర్చు. కంపెనీ 'లక్షల మంది కొన్నారు' అని చెప్పుకుంటూ ట్రస్ట్‌కు కొన్ని వేల పౌండ్లే చేరితే ఇక ఆలోచించేదేమీ లేదు.

5. లెక్క వేయండి

చదరపు అడుగు 30 పౌండ్లనుకుందాం. ఎకరానికి 43,560 చదరపు అడుగులు. అంటే ఎకరం మీద 13,06,800 పౌండ్లు. గజం లెక్కన 270 పౌండ్లు. పౌండు 110 రూపాయలనుకుంటే గజం 29,700 రూపాయలు, హైదరాబాద్ శివార్లలో ప్లాటు ధర! నాచు, బురద, రాయి తప్ప ఏమీ లేని ఆ కొండ నేల ఎకరం మొత్తం కొన్ని వందల నుంచి కొన్ని వేల పౌండ్లు చేస్తుంది. నేల కొనడం, కంచె, మొక్కలు, పదేళ్ల కాపలా అన్నీ కలిపి ఉదారంగా ఎకరానికి 10,000 పౌండ్లు వేసుకున్నా, అది వచ్చిన డబ్బులో ఒక శాతానికి లోపే.

ఇందులోనే ఇంకో చిక్కుంది. ఎకరం అమ్ముడుపోవాలంటే 43,560 మంది కొనాలి. నూరెకరాలున్న సంస్థకు 43 లక్షల మందికి సరిపడా 'స్టాక్' ఉన్నట్టు. కాబట్టి మీరు కొన్నందుకు రిజర్వ్ ఒక్క అడుగు కూడా పెరగదు. 'చివరిసారి కొత్త భూమి ఎప్పుడు కొన్నారు, ఎన్ని ఎకరాలు?' అన్న ప్రశ్న అందుకే అడగాలి.

'ప్రతి ఆర్డర్‌కు ఒక చెట్టు' అనే మాటకు ఎంత విలువో కూడా చూడండి. వన్ ట్రీ ప్లాంటెడ్ వంటి సంస్థలు చెట్టుకు ఒక డాలర్ చొప్పున తీసుకుంటాయి. ఆ చెట్టు స్కాట్లాండ్‌లోనే నాటాలని లేదు.

6. ఈ ప్రశ్నలు ఈమెయిల్ చేయండి

ఇంగ్లిష్‌లో, మర్యాదగా, నంబర్లు వేసి పంపండి. ఫోన్‌లో వద్దు, జవాబు రాతలో ఉండాలి.

- నేను కట్టే మొత్తంలో ఎన్ని పౌండ్లు సంరక్షణ పనికి పోతాయి? శాతం కాదు, పౌండ్లలో చెప్పండి.
- నిరుడు నేల మీద చేసిన మూడు పనులు, వాటి ఖర్చు?
- కంపెనీ మూతపడితే భూమి ఎవరికి పోతుంది? ఆ పత్రం చూపిస్తారా?
- ఒకే ప్లాట్ ఇద్దరికి అమ్మకుండా ఏ ఏర్పాటు ఉంది?

మూడో ప్రశ్న ఎందుకంటే, కెనడాలో ఒకసారి ఏం జరిగిందో చూడండి. 1955లో క్వేకర్ ఓట్స్ సంస్థ యూకాన్‌లోని డాసన్ దగ్గర 19.11 ఎకరాలు తీసుకుని, దాన్ని చదరపు అంగుళాలుగా 2.1 కోట్ల 'దస్తావేజులు' చేసి తన బ్రేక్‌ఫాస్ట్ సీరియల్ డబ్బాలతో పంచిపెట్టింది. ఆ భూమిపై 37.20 డాలర్ల పన్ను బకాయి పడింది. ఎవరూ కట్టలేదు. 1965లో భూమి ప్రభుత్వం స్వాధీనమైంది. ఆ దస్తావేజులు ఇప్పుడు పాత వస్తువులు పోగుచేసేవాళ్ల దగ్గర తప్ప దేనికీ చెల్లవు.

పది పనిదినాల్లో సూటిగా జవాబు రాకపోతే వదిలేయండి. 'లార్డ్‌షిప్ ఆఫర్ ఇవాళే ఆఖరు' అని జవాబొస్తే ఇంకా తొందరగా వదిలేయండి.

7. డబ్బు కట్టేటప్పుడు

చెల్లింపు పేజీలో పౌండ్లా, రూపాయలా అని అడిగితే పౌండ్లే ఎంచుకోండి. రూపాయలు ఎంచుకుంటే మారకం రేటు అమ్మకందారు వైపు బ్యాంకు పెడుతుంది, అది మీకు నష్టం. మీ కార్డు విదేశీ మారకం రుసుము, దానిపై జీఎస్టీ ఎటూ ఉంటాయి. ఇంత చిన్న మొత్తాలకు టీసీఎస్ (విదేశాలకు పంపే డబ్బు మీద ముందే వసూలు చేసే పన్ను) భయం అక్కర్లేదు.

పత్రం పీడీఎఫ్‌గానే తీసుకుని మంచి కాగితం మీద ఇక్కడే ప్రింట్ చేయించుకోండి. ఫ్రేమ్, టార్టన్ అనే స్కాట్లాండ్ గళ్ల గుడ్డ, పుస్తకం కలిపిన 'ప్యాక్' కొరియర్‌లో తెప్పిస్తే కస్టమ్స్ సుంకం పడొచ్చు, పైగా ఆ అదనపు డబ్బు అడవికి పోదు. పెద్ద ప్లాట్‌కూ ఇదే సూత్రం. పది చదరపు అడుగులు కొన్నా హక్కు పెరగదు, పత్రం మీద అంకె మారుతుంది.

పేరు అక్షరాలు రెండుసార్లు చూసుకోండి. బ్రిటన్‌లో ఆన్‌లైన్ కొనుగోళ్లకు సాధారణంగా 14 రోజుల రద్దు హక్కు ఉంటుంది గానీ, పేరు వేసి చేసిచ్చే వస్తువులకు అది వర్తించదు. ఇంటిపేరు ముందా వెనకా అన్న దగ్గరే మనవాళ్ల ఆర్డర్లలో తప్పులు ఎక్కువ.

పన్ను మినహాయింపు: విదేశీ సంస్థకు ఇచ్చినదానికి ఇక్కడ 80జీ లేదు. బ్రిటన్‌లో ఉద్యోగం చేసే తెలుగువాళ్లు గిఫ్ట్ ఎయిడ్ వస్తుందేమో అని అడుగుతుంటారు. చారిటీకి నేరుగా ఇచ్చిన విరాళానికైతే పౌండుకు 25 పెన్నీలు చారిటీకి అదనంగా వస్తాయి. కంపెనీ దగ్గర ప్లాట్ కొంటే రాదు.

8. ఏడాది తర్వాత పని జరిగిందో లేదో చూడండి

మీ చదరపు అడుగును వెతికే పని పెట్టుకోకండి. ఫోన్ జీపీఎస్ తప్పే కొన్ని మీటర్లుంటుంది. చోటును మూడు మాటలతో గుర్తించే వాట్‌త్రీవర్డ్స్ మ్యాప్ గడి కూడా 3 మీటర్లకు 3 మీటర్లు, అంటే దాదాపు 97 చదరపు అడుగులు. అలాంటి ఒక్క గడిలో మీలాంటివాళ్లు 97 మంది ఉంటారు. చూడాల్సింది మొత్తం రిజర్వ్‌ను.

మొక్కల సంఖ్య: స్థానిక అడవి నాటేటప్పుడు హెక్టారుకు వెయ్యి నుంచి రెండు వేల మొక్కలు పడతాయి. 20 ఎకరాలంటే 8 హెక్టార్లు, మహా అయితే 16,000 మొక్కలు. అక్కడ లక్ష నాటామంటే లెక్క కుదరదు.

మొక్కల జాతి: స్కాట్స్ పైన్, బర్చ్, రోవన్, ఓక్ అయితే స్థానికమైనవే. సిట్కా స్ప్రూస్ వరసలు కనిపిస్తే అది కలప తోట. పాత కలప తోటను నరికి స్థానిక చెట్లు పెంచుతుంటే మాత్రం మంచి పనే.

జింకలు: కొండల్లో ఎర్ర జింకలు ఎక్కువ. కంచె గానీ, మొక్కకు గొట్టం గానీ, జింకల సంఖ్యను అదుపు చేసే పథకం గానీ లేకపోతే నాటినవి నాటినట్టే మేసేస్తాయి. నాటిన ఫొటోలే తప్ప మూడేళ్ల తర్వాతి ఫొటోలు లేని రిజర్వ్‌లో సాధారణంగా జరిగేది ఇదే. బతికిన శాతం అడగండి.

పీట్ నేల: అర మీటరుకు మించి లోతున్న పీట్ (కుళ్లిన నాచు, మొక్కలు పేరుకున్న తడి నేల) మీద చెట్లు నాటకూడదని అక్కడి అటవీ మార్గదర్శకాలు. నేల ఎండి, అందులో దాగిన కర్బనం గాల్లో కలుస్తుంది. అలాంటి చోట అసలు పని పాత కాలువలకు అడ్డుకట్టలు వేసి నీరు నిలపడం. ఫొటోకు అందంగా ఉండదు గానీ, దాన్ని చూపించే సంస్థకు పని తెలుసన్నమాట. స్థానిక మొక్కలను అణచివేసే రోడోడెండ్రాన్ పాంటికమ్ అనే పరాయి పొదలు పీకడం కూడా అలాంటిదే, ఒక్కసారితో పోదు, మళ్లీ మళ్లీ వెళ్లాలి.

గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు, కొత్త చిత్రాలు పక్కపక్కన పెట్టి చూడండి. కంచెలు, దారులు, నరికిన తోటలు కనిపిస్తాయి. చిన్న మొక్కలు చాలా ఏళ్లు కనపడవు, వాటి కోసం వెతికి నిరాశపడొద్దు. జీవజాతుల నమోదులు ఎన్‌బీఎన్ అట్లాస్‌లో చోటును బట్టి దొరుకుతాయి. ఆ చోటుకు ప్రభుత్వ రక్షణ హోదా ఉందా అనేది స్కాట్లాండ్ ప్రభుత్వ ప్రకృతి సంస్థ నేచర్‌స్కాట్ వారి సైట్‌లింక్ అనే వెబ్‌సైట్ చెబుతుంది. 'నేచర్ రిజర్వ్' అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, 'నేషనల్ నేచర్ రిజర్వ్' అనేది మాత్రం ప్రభుత్వ గుర్తింపు.

ఇదే డబ్బుకు వేరే దారులు

భూమి మీ పేరున ఎలాగూ రానప్పుడు, భూమి కొని స్థానిక సంస్థల చేతుల్లో పెట్టే చారిటీలను చూడటం మేలు. 1989లో మొదలైన వరల్డ్ ల్యాండ్ ట్రస్ట్ 'బై యాన్ ఏకర్' పథకంలో ఎకరానికి 100 పౌండ్ల చొప్పున విరాళం తీసుకుంటూ వచ్చింది. చదరపు అడుగుకు 30 పౌండ్లతో పోల్చుకోండి. దాత పేరున పత్రం ఇస్తారు, భూమి ఆ దేశంలోని భాగస్వామి సంస్థది. కోస్టారికాలోని చిల్డ్రన్స్ ఎటర్నల్ రెయిన్‌ఫారెస్ట్‌కు 1987లో స్వీడన్ బడి పిల్లలు చందాలతో శ్రీకారం చుట్టారు. ఇవాళ అది 22,000 హెక్టార్లు దాటింది. స్కాట్లాండ్‌లోనే కావాలంటే, డన్‌డ్రెగన్‌లో 10,000 ఎకరాల ఎస్టేట్‌ను 2008లో కొన్న ట్రీస్ ఫర్ లైఫ్ చారిటీ మీ పేరున చెట్లు నాటుతుంది.

మన దేశంలో దారి వేరు. వయనాడ్‌లోని తిరునెల్లి-కుద్రకోటె ఏనుగుల దారిలో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, విదేశీ భాగస్వాములు కలిసి భూములు కొని, ఊళ్లకు పునరావాసం కల్పించి, ఆ నేలను కేరళ అటవీ శాఖకు అప్పగించారు. దాతలకు ప్లాట్లు లేవు. ఏనుగులకు దారి దొరికింది. తెలంగాణలో 2020లో నటుడు ప్రభాస్ ఖాజీపల్లి రిజర్వ్ ఫారెస్ట్‌లో 1,650 ఎకరాలను దత్తత తీసుకున్నాడు, అందులో అంగుళం కూడా ఆయనది కాదు. మన స్థాయికి హైదరాబాద్ నెహ్రూ జూ, విశాఖ ఇందిరాగాంధీ జూలలో జంతువుల దత్తత ఉంది. పక్షుల నుంచి పులుల దాకా, ఎంత డబ్బు, ఎంత కాలం అన్నది ఎంచుకోవచ్చు. 80జీ రసీదు గురించి కట్టేముందే అడగండి, అది పాత పన్ను విధానంలో ఉన్నవారికే పనికొస్తుంది.

ఇక్కడ ఎవరైనా 'అడవిలో చదరపు అడుగు' అమ్ముతామంటే దగ్గరికి పోకండి. రిజర్వ్ ఫారెస్ట్ అమ్మకానికి ఉండదు. శ్రీగంధం, టేకు మొక్కలతో గుంటల లెక్కన 'పర్యావరణ ప్లాట్లు' అమ్మి, పదేళ్లలో ఇంత వస్తుందని చెప్పేవాళ్లు సంరక్షకులు కారు, పెట్టుబడి వసూలు చేసేవాళ్లు. 1990లలో టేకు తోటల కంపెనీలు జనాన్ని ముంచాకే సెబీ 1999లో సామూహిక పెట్టుబడి పథకాల నిబంధనలు తెచ్చింది. సెబీ రిజిస్ట్రేషన్ అడగండి, సగం మంది అక్కడే మాట మారుస్తారు.

విదేశాల్లో ఉండి ఇక్కడి సంస్థలకు ఇవ్వాలనుకునేవారికి ఒక జాగ్రత్త. భారత పాస్‌పోర్ట్ ఉన్నవారు సొంత సంపాదన నుంచి ఇస్తే అది విదేశీ విరాళం కిందికి రాదు. ఓసీఐ కార్డు ఉన్నవారిది, విదేశీ పౌరులది వస్తుంది. అప్పుడు ఆ సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్‌లో ఉన్న వాళ్ల ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోనే పడాలి. మామూలు ఖాతాకు వేస్తే చిక్కుల్లో పడేది ఆ సంస్థే.